కైటాయా నుంచి డార్గవిల్‌కు సరాసరి దూరం

కైటాయా నుంచి డార్గవిల్‌కు ఆకాశమార్గాన నూట ఏడు కిలోమీటర్లు. విమానాల భాషలో చెప్పాలంటే యాభై ఎనిమిది నాటికల్ మైళ్ళు. చిన్న విమానానికి సుమారు అరగంట. ఈ లెక్క కోసం మీరు ఫోన్ తీయనక్కర లేదు, నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. న్యూజిలాండ్ ఉత్తరపు కొసన ఉన్న చిన్న చిన్న ఎయిర్‌ఫీల్డులన్నిటి మధ్య దూరాలూ ఒకప్పుడు నేనే కూర్చుని లెక్కగట్టి, పట్టిక వేసి, లామినేషన్ చేయించి గోడకు తగిలించాను. ఎవరూ చేయమని అడగలేదు.

ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న మన పిల్లల కోసం ఏదైనా అనుభవం రాయమని ఇప్పుడు మేముంటున్న పాపటోయిటోయిలో మా వీధి చివర ఉండే ఒక అమ్మాయి నెల రోజులుగా వెంటపడుతోంది. "మీ సక్సెస్ గురించి రాయండి అంకుల్" అంటుంది. సక్సెస్ అంటే నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. కాకినాడలో లెక్కల ట్యూషన్లు చెప్పుకునేవాణ్ణి, నలభై దాటాక ఈ దేశం వచ్చాను. గోడౌన్‌లో అట్టపెట్టెలు మోశాను, కొన్నాళ్ళు టాక్సీ నడిపాను. ఆ తర్వాత కైటాయాలో ఒక చిన్న విమానాల కంపెనీలో కుర్చీ ఉద్యోగం దొరికింది. పదిహేనేళ్ళు అందులోనే ఉండి రిటైరయ్యాను. ఆ పదిహేనేళ్ళలో ఒక మధ్యాహ్నం గురించి మాత్రం రాయగలను. అది సక్సెస్ కాదు.

మా కంపెనీ అంటే మూడు విమానాలు, ఒక రేకుల షెడ్డు, షెడ్డుకు ఆనించి కట్టిన ఆఫీసు గది. యజమానురాలు అరవై దగ్గర పడిన కివీ ఆవిడ, అంటే ఈ దేశంలోనే పుట్టి పెరిగిన మనిషి. భర్త పోయాక కంపెనీ తనే నడుపుకొస్తోంది. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే తేల్చేస్తుంది. పైలట్లు ముగ్గురు. వాళ్ళలో పెద్దాయన గురించే ఈ కథ. ఆ ప్రాంతపు కొండలూ ఇసుక దిబ్బలూ ఆయనకు ఇంటి పెరడంత పరిచయం. నా పట్టిక ముందు నిలబడి, "ఈ దూరాలు పక్షుల కోసం రాశావా, మా కోసమా?" అని ఏడిపించేవాడు. విమానాల మరమ్మతులు చూసే ఇంజనీరు మనవాడే, వరంగల్ అతను. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, లైసెన్సు సంపాదించి, మా కంపెనీ ఇచ్చిన వర్క్ వీసా మీద ఉన్నాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. నన్ను అన్నా అనేవాడు. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి మా ఇంట్లోనే భోజనం చేసేవాడు. ఆ ఊళ్ళో తెలుగు మాట్లాడేవాళ్ళం మా రెండు ఇళ్ళే.

నా పని ఏమిటంటే, విమానం ఎగిరే ముందు ఒక ఫారం నింపాలి. ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన, ఎంత దూరం, ఎంతమంది, ఎన్ని గంటలకు దిగాలి. ఆఖరి గడిలో ఒక గడువు రాస్తాం. ఆ టైములోగా పైలట్ నుంచి కబురు రాకపోతే వెతకడం మొదలుపెట్టాలి. ఇప్పుడైతే ప్రతి విమానమూ స్క్రీన్ మీద చుక్కలా కదులుతూ కనిపిస్తుంది. అప్పుడు మా మూడు విమానాల్లో రెండింటికే ఆ ట్రాకర్ పరికరం ఉండేది. మూడోదానికి వచ్చే నెల పెట్టిస్తానంది మా బాస్. అప్పటిదాకా ఆ విమానం ఎక్కడుందో చెప్పేది నా ఫారం ఒక్కటే.

ఇది జరిగిన ఏడాది మొదట్లో నేనొక ఫారంలో తప్పు రాశాను. విమానంలో ఇద్దరుంటే ముగ్గురని. ఏమీ కాలేదు, విమానం చక్కగా దిగింది. కానీ బాస్ చూసింది. నన్ను పిలిచి కాగితం మీద రాసిన వార్నింగ్ చేతికిచ్చింది. "ఈ కాగితమే మా వాళ్ళ ప్రాణం. ఇంకోసారి తప్పయితే ఆ కుర్చీలో నిన్ను ఉంచలేను" అంది. గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నయంగా ఉండేది.

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. యాభై నాలుగేళ్ళు. ఈ కుర్చీ పోతే మళ్ళీ అట్టపెట్టెలే. నడుము అప్పటికే మొరాయిస్తోంది. అందుకని తప్పు అన్నమాటే రాకుండా ఒక ఉపాయం చేశాను. మేము ఎక్కువగా తిరిగే పన్నెండు దారులకూ ముందుగానే ఫారాలు టైపు చేసి ప్రింటు తీసి పెట్టుకున్నాను. దారి: డైరెక్ట్. దూరం, సమయం నా పట్టిక నుంచి. రోజువారీగా రాయాల్సింది మనుషుల సంఖ్య, బయల్దేరిన టైము, గడువు మాత్రమే. ఎంత శుభ్రంగా ఉండేవో ఆ ఫారాలు. మా బాస్ చూసి తలూపింది. ఆవిడ తలూపిందంటే సన్మానం చేసినట్టే.

కొట్టివేతలు నాకు చిన్నప్పటి నుంచీ గిట్టవు. ట్యూషన్ పిల్లలు లెక్క కొట్టేసి పక్కన రాస్తే కొత్త పేజీలో మళ్ళీ చేయించేవాణ్ణి. ఇది గుర్తుంచుకోండి, ఈ అలవాటే నా కొంప ముంచింది.

అది జూలై నెల, ఇక్కడ నడిచలికాలం. ప్రతి గురువారం షుగర్ రోగుల్ని చూసే ఒక నర్సును మా విమానం కైటాయా నుంచి డార్గవిల్ క్లినిక్‌కు తీసుకెళ్ళి మధ్యాహ్నం వెనక్కి తెచ్చేది. ఆమె మావోరీ, ఆ నేల మీద మొదటి నుంచీ ఉన్న జాతి మనిషి, భారీ మనిషి, నవ్వితే షెడ్డంతా వినిపించేది. నా బెల్టు బిగుతు చూసి, "నువ్వు కూడా వేలు చూపించు, ఒక చుక్క రక్తం చాలు" అనేది.

ఆ గురువారం పెద్దాయన తీసుకెళ్ళింది ట్రాకర్ లేని ఆ మూడో విమానాన్నే. మధ్యాహ్నం రెండుంపావుకు డార్గవిల్ నుంచి ఫోన్ చేశాడు. బాస్ బ్యాంకుకు వెళ్ళింది. ఇంజనీరు టీ కప్పుతో నా టేబులు పక్కనే కూర్చున్నాడు. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టాను.

"ఇద్దరం. రెండు ముప్పై అయిదుకు లేస్తాం" అన్నాడు పెద్దాయన. "కొండల మీద మబ్బు కిందికి దిగిపోయింది, సరాసరి రాలేను. ఒడ్డు పట్టుకుని వస్తాను. కాస్త ఆలస్యమవుతుంది, కంగారు పడకు."

"సరే" అన్నాను.

అప్పటికే నా ముందు డార్గవిల్–కైటాయా ఫారం ఉంది. ఇద్దరు అని రాశాను. రెండు ముప్పై అయిదు అని రాశాను. గడువు మూడు ముప్పై అయిదు అని రాశాను. దారి అన్న గడిలో డైరెక్ట్ అని అందంగా ప్రింటయి ఉంది. పెన్ను ఆ గడి దగ్గర ఒక్క క్షణం ఆగింది, నాకు బాగా గుర్తు. కొట్టేసి పక్కన ఒడ్డు దారి అని రాయాలి. దూరం కొట్టేయాలి. సమయం కొట్టేయాలి. మూడు కొట్టివేతలు. బాస్ చూస్తే ఏమనుకుంటుందో. ఎలాగూ గంటలో వచ్చేస్తాడు కదా అనుకుని ఫారం ట్రేలో పెట్టేశాను.

మూడుంపావు అయింది. ఒడ్డు దారిన వస్తే ఈపాటికి రేడియోలో మాట వినిపించాలి. వినిపించలేదు. మూడున్నరకు నేనే పిలిచాను. బరబరమన్న చప్పుడు తప్ప ఏమీ లేదు. డార్గవిల్‌కు ఫోన్ చేస్తే చెప్పిన టైముకే లేచారని చెప్పారు. బయట సన్నగా వాన, రన్‌వే చివర గాలివాటం చూపే గుడ్డగొట్టం బిగుసుకుని నిలబడి ఉంది.

మూడు ముప్పై అయిదుకు బాస్ తలుపు తోసుకుని వచ్చింది. నా ముఖం చూసింది, గడియారం చూసింది. ట్రేలోంచి ఫారం తీసుకుని, నిలబడే రెస్క్యూ సెంటర్‌కు ఫోన్ కలిపింది. ఒక్కో గడీ చదువుతోంది. విమానం రకం. ఇద్దరు. రెండు ముప్పై అయిదు.

"దారి, డైరెక్ట్" అంది.

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. గోడ గడియారం మూడు ముప్పై ఏడు చూపిస్తోంది.

నోరు తెరవలేదు.

ఎందుకని మీరు అడుగుతారు. నన్ను నేను వెయ్యిసార్లు అడిగాను. ఆ క్షణంలో నాకు విమానం కనిపించలేదు, పెద్దాయన కనిపించలేదు, నర్సు కనిపించలేదు. మా బాస్ చేతిలో ఆ ఫారం, దాని మీద నా సంతకం మాత్రమే కనిపించాయి. ఆయన ఇప్పుడో ఇప్పుడో రేడియోలో పలుకుతాడు, అంతా సర్దుకుంటుంది, ఈ లోపు నన్ను నేను బయట పెట్టుకోవడం ఎందుకు అని లోపల ఎవడో చెబుతూ పోయాడు. వాడు నేనే.

రెస్క్యూ సెంటర్ వాళ్ళు తూర్పు తీరం నుంచి హెలికాప్టర్ లేపుతున్నామని చెప్పారు. సరాసరి గీత వెంబడి, హొకియాంగా అనే సముద్రపు పాయ దాటి కొండల్లో, దక్షిణాన పెద్ద అడవిలో వెతుకుతారు. ఒడ్డు దారి ఆ గీతకు ఇరవై కిలోమీటర్లకు పైగా పడమరన ఉంటుంది. మబ్బులో తడుముకుంటూ వెతికే హెలికాప్టర్‌కు ఇరవై కిలోమీటర్లంటే వేరే లోకం.

ఇంజనీరు లేచి నా కుర్చీ వెనక్కి వచ్చాడు. మా బాస్ నాలుగడుగుల దూరంలో ఫోన్ చెవిన పెట్టుకుని ఉంది. అతను మామూలు గొంతుతోనే, తెలుగులో మాట్లాడాడు.

"అన్నా, సార్ ఫోన్ల ఏమన్నడు? ఒడ్డు వట్టుకొని వస్తా అన్నడా లేదా?"

"అన్నాడు."

"మరి కాయితంల డైరెక్ట్ అని ఎట్లున్నది?"

"ప్రింటయి ఉంది. నేను మార్చలేదు."

అతను టీ కప్పు టేబులు మీద పెట్టాడు. తర్వాత, "చెప్పు మరి మేడమ్‌కు" అన్నాడు.

"ఆగవయ్యా. ఒక్క రెండు నిమిషాలు ఆగు. రేడియోలో వస్తాడేమో."

"ఏం రెండు నిమిషాలు? ఆడ హెలికాప్టర్ అడివికి వోతున్నది."

"నా ఉద్యోగం పోతుంది తమ్ముడూ."

"నాకు తెల్వదా?" అన్నాడు. "నేను ఫోన్ దగ్గరనే కూసున్న గదా. నువ్వు రాసేది చూడలే. చూడాల్సింది. నా వీసా గూడ గామె చేతులనే ఉన్నది."

ఇదంతా మేము పైకే మాట్లాడుకున్నాం. గుసగుసలు కూడా కాదు. ఆ గదిలో ఒక విమానం ఎక్కడుందో తెలిసిన ఇద్దరం, ఆ విషయమే చర్చించుకుంటున్నాం, నాలుగడుగుల దూరంలో దాని కోసం వెతికిస్తున్న మనిషికి ఒక్క ముక్క అర్థం కాకుండా. మన భాష పరాయి దేశంలో మనకు ఎంత అండో అంటుంటారు సభల్లో. నేను ఆ మాట విన్నప్పుడల్లా తల దించుకుంటాను.

బాస్ ఫోన్ పక్కన పెట్టి మావైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్దాయన ఆవిడ దగ్గర ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్నాడు, ఆవిడ భర్తకు స్నేహితుడు.

"మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటున్నారు?" అని అడిగింది.

"ప్రార్థన చేస్తున్నాం" అన్నాను.

అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని నాకు తెలియదు. ఆవిడ తలూపింది. "చేయండి. ఆపకండి" అని, టేబులు అంచు పట్టుకుని తనూ తల వంచుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకున్నాను, కానీ చావలేదు, నోరూ విప్పలేదు. రేడియో మైకు పట్టుకుని పిలుస్తూనే ఉన్నాను. ఒడ్డున ఆయన దిగగల చోట్లన్నీ నా మనసులో వరసగా తిరుగుతున్నాయి. పోటు ఎప్పుడో కూడా నాకు తెలుసు, ఎందుకంటే పొద్దున్నే గోడ మీద ఆటుపోట్ల పట్టిక చూశాను. మూడు దాటాక నీళ్ళు పైకి వస్తాయి. ఈ సంగతులన్నీ తెలిసిన మనిషి ఆ జిల్లా మొత్తానికి నేనొక్కణ్ణే. నేను కుర్చీకి అతుక్కుని కూర్చున్నాను.

నాలుగు గంటలకు హెలికాప్టర్ కొండల మీదకు చేరిందని, మబ్బు వల్ల కిందికి దిగలేకపోతోందని కబురొచ్చింది. అయిదుంపావు దాటితే చీకటి పడుతుంది. బాస్ మ్యాపు మీద సరాసరి గీత గీసి దాని వెంబడి వేలు జరుపుతోంది. నేను గీత పక్కన, పడమరన, మ్యాపులో ఎర్ర అంచులా ఉన్న ఒడ్డువైపు చూడకుండా ఉండడానికి నేలవైపు చూశాను.

ఇంజనీరు నా భుజం మీద చెయ్యి వేశాడు. గట్టిగానే వేశాడు.

"అన్నా, నువ్వు ప్రార్థన అన్నవు గదా. దేవున్ని ఎందుకు గుంజినవ్ దీంట్లకు? నేను నిజంగనే చేసిన. చేసినాక ఇంక ఊకోలేను. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

నేను లేచాను. నాలో ఏదో మంచితనం మేలుకొందని మీరు అనుకుంటారేమో, అలా ఏమీ జరగలేదు. అతను చెబితే నేను దాచినవాణ్ణవుతాను. నేనే చెబితే మరిచిపోయినవాణ్ణవుతాను. అంత లెక్క ఆ గాబరాలో కూడా వేశాను. లెక్కల మాస్టారిని కదా.

"బాస్, ఇప్పుడే గుర్తొచ్చింది" అన్నాను. "ఆయన ఒడ్డు దారిన వస్తానన్నాడు. ఫోన్‌లో అన్నాడు. ఫారం తప్పు."

గడియారం నాలుగూ ఎనిమిది. ముప్పై ఒక్క నిమిషాలు.

ఆవిడ నన్ను ఒక్కసారి చూసింది. కోపం కాదు, వెలుగు వచ్చింది ఆ ముఖంలో. "అయితే అడవిలో లేడు" అని ఫోన్ మీదకు వంగింది. నేను మ్యాపు దగ్గరకు వెళ్ళి, ఆయన దిగగల చోట్లు ఒక్కొక్కటే వేలు పెట్టి చూపించాను. మూడోది వాంగాపే దగ్గర సముద్రపు పాయ. ఆటు సమయంలో అక్కడ బురద మేట బయట పడుతుంది.

నాలుగున్నరకు హెలికాప్టర్ వాళ్ళు చూశారు. విమానం బురదలో తలకిందులుగా ఉంది, చుట్టూ నీళ్ళు. దాని మీద ఒక మనిషి చెయ్యి ఊపుతోంది.

తర్వాత తెలిసింది ఇది. మూడు గంటల ప్రాంతంలో ఇంజను ఆగిపోయింది. కింద ఒకవైపు అలలు, ఒకవైపు కొండ. పెద్దాయన పాయలోకి తిప్పి బురద మీద దించాడు. చక్రం కూరుకుని విమానం బోర్లా పడింది. ప్రమాద సంకేతం పంపే పరికరం తీగ తెగి బురదలో పోయింది. ఫోన్లకు అక్కడ సిగ్నల్ లేదు, కొండ అడ్డుండి రేడియో కూడా అందలేదు. నర్సుకు మోచెయ్యి విరిగినా బయటికి పాక్కుంటూ వచ్చింది. పెద్దాయన కుడికాలు విమానం ముందు భాగం కింద నలిగి ఇరుక్కుపోయింది. ఆమె ఒంటి చేత్తో ఆయన బెల్టు కోసి, తల నీళ్ళకు పైన ఉండేలా తన ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నీళ్ళు పెరుగుతూ పోయాయి. హెలికాప్టర్ వాళ్ళు రేకు కోసి ఆయన్ను బయటికి తీసేసరికి గడ్డం దాకా వచ్చాయట. అంతకు ముందు హెలికాప్టర్ చప్పుడు విన్నాకే ఆమె ఒక్క నిమిషం ఆయన తల సీటుకు ఆనించి, పైకెక్కి చెయ్యి ఊపింది.

ఇద్దరూ బతికారు. పెద్దాయన కుడి పాదం మాత్రం దక్కలేదు. రెండో రోజు తీసేశారు. కాలికి రక్తం ఆడక అలా అయిందన్నారు. నేను ఆస్పత్రి కారిడార్‌లో ఒక డాక్టర్‌ను పట్టుకుని, ఒక అరగంట ముందు తెచ్చి ఉంటే అని అడిగాను. ఆయన నాకేసి కొంచెం వింతగా చూసి, "అది ఎవరూ చెప్పలేరు" అన్నాడు. ఆ జవాబు నాకు శిక్షో ఊరటో ఈ రోజుకీ తేల్చుకోలేదు.

విచారణకు ఇద్దరు వచ్చారు. మర్యాదస్తులు. ఫారం చూశారు, ప్రింటు చేసిన ఫారాలు వాడడం మానమని రాశారు. దారి మారిన సంగతి మీకు ఎప్పుడు గుర్తొచ్చింది అని అడిగారు. నాలుగూ ఎనిమిదికి అన్నాను. అంత ఒత్తిడిలో గుర్తు తెచ్చుకోవడం మెచ్చుకోదగిందని వాళ్ళలో ఒకాయన అన్నాడు. ఇంజనీరును ఇంజను గురించి మాత్రమే అడిగారు. అతను అడిగినదానికే జవాబు చెప్పాడు.

బాస్ నన్ను ఉద్యోగంలోంచి తీయలేదు. ఫారం తప్పుకు రెండో వార్నింగ్ ఇచ్చి, పోయిన విమానం బదులు తెచ్చినదానికి మొదటి రోజే ట్రాకర్ పెట్టించింది. నేను భయపడి దాచుకున్నది ఏదీ జరగలేదు. మొదటి నిమిషంలో చెప్పి ఉన్నా ఇదే జరిగేదని అప్పుడు అర్థమైంది. ఒక ఇంక్ గీత, ఒక చీవాటు. అంతే అయ్యేది.

ఇంజనీరు ఏడాది తర్వాత పెర్త్ వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చాడు. మా ఆవిడ గుత్తివంకాయ చేసింది. "ఏమిటయ్యా, వచ్చిన దగ్గర్నుంచీ ఇద్దరూ మాట్లాడుకోరు?" అని అడిగింది. "ఏం లేదు వదినా, అన్న అలసిపోయిండు" అన్నాడు. మా ఆవిడకు కూడా ఈ సంగతి ఇది చదివితేనే తెలుస్తుంది. చదివి ఏమంటుందో అని భయంగానే ఉంది, ఈ వయసులో కూడా.

మీకు నేను ఏ నీతీ చెప్పలేను. చెప్పే మొహం లేదు. ఒక్కటి మాత్రం చూసినవాణ్ణి గనక చెబుతున్నాను. తప్పు చేసిన క్షణం చాలా చిన్నది, నేను దాన్ని చూశాను, పెన్ను మొనంత ఉంటుంది. దాని తర్వాత గడియారం తిరగడం మొదలవుతుంది. అక్కడి నుంచి ప్రతి నిమిషమూ మరో తప్పు, ప్రతిదీ మనం చూస్తూ ఉండగా చేసేదే.

ప్రమాదం జరిగిన మూడో వారం నర్సు మా ఆఫీసుకు వచ్చింది. చెయ్యి కట్టులో ఉంది, రెండో చేతిలో ఇంట్లో చేసిన అరటిపండు కేకు. బాస్ ఆమెను కావలించుకుని ఏడ్చింది. ఆవిడ ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. తర్వాత నర్సు నా టేబులు దగ్గరకు వచ్చి, కుర్చీ లాక్కుని, నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది. ఇంజనీరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"నీకు చెప్పాలని వచ్చాను" అంది. "నీళ్ళు మీ పైలట్ ఛాతీ దాకా వచ్చాక ఆయన ఆశ వదిలేయడం మొదలుపెట్టాడు. నిద్ర వస్తోందన్నాడు. నిద్రపోతే పోతాడని నాకు తెలుసు. ఏం మాట్లాడాలో తెలియక ఒకటే మాట చెబుతూ కూర్చున్నాను. మనం ఏ దారిన వచ్చామో ఆఫీసులో కూర్చున్నాయనకు తెలుసు, నువ్వే కదా ఫోన్‌లో చెప్పావు, ఆయన ఏదీ మర్చిపోయే రకం కాదు, ఈపాటికి వాళ్ళకు చెప్పేసి ఉంటాడు. పైలట్ కళ్ళు మూతలు పడ్డప్పుడల్లా మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసు అని."

ఇంజనీరు గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయాడు. రేకుల షెడ్డులో అతని అడుగుల చప్పుడు దూరమవడం వినిపించింది.

ఆమె నా చెయ్యి నొక్కి, "నా మాట నిలబెట్టావు" అంది.

నేను ఆమెకు థాంక్స్ చెప్పాను.